క్యాథెటర్ వేసేటప్పుడు అరుదుగా జరిగే ప్రమాదాలు: అసలు చిక్కంతా బెలూన్ దగ్గరే

ఏ ఆసుపత్రి వార్డులోకి వెళ్లినా నాలుగైదు మంచాల పక్కన మూత్రం సంచులు వేలాడుతూ కనిపిస్తాయి. పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, ఐసీయూలో ఉన్నవాళ్లకు, ప్రొస్టేట్ పెరిగి మూత్రం బిగుసుకుపోయినవాళ్లకు, తుంటి ఎముక విరిగి కదల్లేని ముసలివాళ్లకు క్యాథెటర్, అంటే మూత్రం బయటికి తెచ్చే పైపు, వేస్తారు. ఇది వైద్యంలో ఎంత మామూలు పని అయిపోయిందంటే, వేసే ముందు దాని మంచిచెడ్డల గురించి ఇంట్లోవాళ్లకు వివరంగా చెప్పడం చాలా తక్కువ. ‘యూరిన్ పైపు వేశాం’ అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది.

దీనివల్ల ఇన్‌ఫెక్షన్ వస్తుందన్న సంగతి చాలామందికి తెలుసు. పైపు లోపల ఉన్న ప్రతి రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. నెల గడిచేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా ఉంటుంది. దాని గురించి ఇప్పటికే చాలా రాశారు. ఇక్కడ చెప్పుకునేవి అంతకంటే చాలా తక్కువగా జరిగేవి. పైపు కొసన ఉండే బెలూన్ మూత్రాశయంలో కాకుండా దారిలోనే ఉబ్బిపోవడం, పైపు కొస కిడ్నీ నాళంలోకి దూరిపోవడం, మూత్రాశయానికి చిల్లు పడటం, తీయాల్సిన రోజున పైపు బయటికి రానని మొరాయించడం, సంచి ఉన్నట్టుండి ఊదారంగుకు మారడం లాంటివి. ఇవి అరుదే, కానీ ఎవరికి జరగొచ్చో, ఏ నిమిషంలో జరగొచ్చో చాలావరకు ముందే చెప్పవచ్చు. కొద్దిపాటి జాగ్రత్తతో వీటిలో ఎక్కువ భాగాన్ని ఆపవచ్చు. వీటి గురించి ఇంత వివరంగా మాట్లాడుకోవడం అందుకే.

ముందుగా ఆ పైపు సంగతి చూద్దాం. ఇప్పుడు అందరికీ వేస్తున్నది ఫోలే క్యాథెటర్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ నగరానికి చెందిన యూరాలజిస్టు (మూత్ర సంబంధ జబ్బుల డాక్టరు) ఫ్రెడరిక్ ఫోలే పేరు మీద 1930ల నుంచి వాడుకలోకి వచ్చింది. ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత కారే రక్తాన్ని బెలూన్ ఒత్తిడితో ఆపాలన్నది ఆయన మొదటి ఆలోచన. ఆ బెలూన్ వల్లే పైపు జారిపోకుండా లోపల నిలబడుతుంది. పైపులో రెండు దారులు ఉంటాయి. పెద్ద దారిలోంచి మూత్రం బయటికి వస్తుంది. సన్నటి రెండో దారిలోంచి సిరంజితో నీళ్లు పంపి కొసన ఉన్న బెలూన్‌ను నింపుతారు. మామూలుగా 5 నుంచి 10 మి.లీ. చాలు. పైపు లావును ‘ఫ్రెంచ్’ అనే కొలతలో చెబుతారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. పెద్దవాళ్లకు తరచుగా వేసే 16 సైజు పైపు లావు సుమారు 5.3 మి.మీ. బయట వాల్వ్ దగ్గరున్న రంగును బట్టి సైజు గుర్తుపట్టవచ్చు: 14కు ఆకుపచ్చ, 16కు నారింజ, 18కి ఎరుపు.

పైపును నిలబెట్టే ఆ బెలూనే అరుదైన ప్రమాదాల్లో చాలా వాటికి మూలం. బెలూన్ సరైన చోట నిండిందా, నిండినది నిండినట్టే ఉందా, తీసేటప్పుడు ఖాళీ అయ్యిందా అన్న మూడు ప్రశ్నల చుట్టూనే కథంతా తిరుగుతుంది.

బెలూన్ దారిలోనే ఉబ్బితే

ఆడవాళ్లలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెం.మీ. మగవాళ్లలో దాదాపు 20 సెం.మీ. ఉంటుంది, పైగా మధ్యలో వంపు తిరిగి, ప్రొస్టేట్ గుండా వెళుతుంది. పైపు లోపలికి వెళ్లగానే రెండు చుక్కల మూత్రం కనపడితే చాలు, వచ్చేశాం అనుకుని బెలూన్ నింపేస్తే పొరపాటు జరిగే చోటు ఇదే. మూత్రం బయటికి వచ్చే రంధ్రం పైపు కొసన ఉంటుంది. బెలూన్ దానికి రెండు మూడు సెంటీమీటర్లు వెనకాల ఉంటుంది. అంటే రంధ్రం మూత్రాశయంలోకి చేరి మూత్రం వస్తున్నా, బెలూన్ ఇంకా ప్రొస్టేట్ దగ్గరే ఉండొచ్చు. అక్కడ 10 మి.లీ. నీళ్లు పట్టేంత ఖాళీ లేదు. సన్నటి గొట్టంలో బెలూన్ ఉబ్బితే గోడ చీలిపోతుంది. వెంటనే రక్తం కారుతుంది. అప్పటికి మానినట్టే కనిపించినా, నెలల తర్వాత ఆ చోట మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. దీన్నే స్ట్రిక్చర్ అంటారు. ఒకసారి వచ్చిందంటే దారిని సాగదీయించుకోవడానికో, ఆపరేషన్‌కో కొందరు ఏళ్ల తరబడి యూరాలజిస్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అందుకే మగవాళ్లకు పైపును బయట రెండుగా చీలే చోటు వరకూ, అంటే వై ఆకారం దాకా, పూర్తిగా లోపలికి పంపాలి. మూత్రం ధారగా వస్తోందని చూసుకున్నాకే బెలూన్ నింపాలి. తర్వాత మెల్లగా వెనక్కి లాగితే బెలూన్ మూత్రాశయం మెడ దగ్గర ఆగుతుంది. ఒక్కోసారి లూబ్రికేషన్ కోసం వేసిన జెల్లీ రంధ్రాన్ని మూసేయడం వల్ల పైపు సరైన చోటే ఉన్నా మూత్రం ఆలస్యంగా వస్తుంది. అప్పుడు కాస్త ఆగాలి, పొత్తికడుపు మీద మెల్లగా నొక్కాలి, లేదా కొద్దిగా సెలైన్ పంపి చూడాలి. ‘వస్తుందిలే’ అనుకుని బెలూన్ నింపేయకూడదు.

సిరంజి తోస్తున్నప్పుడు చేతికి బిగువు తగిలినా, రోగి ఒక్కసారిగా నొప్పితో అరిచినా అక్కడితో ఆపి, నింపిన నీళ్లు వెనక్కి తీసేయాలి. మూత్రాశయంలో నిండే బెలూన్ నొప్పి పెట్టదు. మరి నొప్పి చెప్పలేనివాళ్ల సంగతేమిటి? మత్తులో ఉన్నవాళ్లు, స్పృహ లేనివాళ్లు, వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివాళ్లు అరవలేరు. ఈ ప్రమాదం వీళ్ల విషయంలోనే ఎక్కువ భయపెట్టేది. ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్ వెన్నెముక గాయాల కేంద్రం వైద్యులు ఇలాంటి కేసుల మీద వరసగా రిపోర్టులు రాశారు. వాళ్లు చెప్పిన ఒక గుర్తు చాలా సులువైనది, ఎవరైనా చూడగలిగేది. బెలూన్ మూత్రాశయంలో సరిగ్గా ఉంటే బయట కనిపించే పైపు పొడవు ఒక మేరకే ఉంటుంది. మామూలు కంటే బారుగా పైపు బయట వేలాడుతోందంటే బెలూన్ దారిలోనే ఇరుక్కుందేమో అని అనుమానించాలి. పైపు మార్చిన ప్రతిసారీ మంచం పక్కన ఉన్నవాళ్లు ఈ ఒక్కటి గమనించినా మేలే.

ఇంకో పొరపాటు చాలా చిన్నదిగా అనిపిస్తుంది. ఆడవాళ్లకోసం చేసిన క్యాథెటర్లు పొట్టిగా ఉంటాయి, సుమారు 25 సెం.మీ. మగవాళ్లకు వేసేవి 40 సెం.మీ. దాటి ఉంటాయి. పొట్టి పైపును పొరపాటున మగవాళ్లకు వేస్తే బెలూన్ మూత్రాశయం దాకా చేరదు, దారిలోనే ఉబ్బుతుంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి గాయాలు వరసగా బయటపడటంతో అక్కడి జాతీయ రోగి భద్రతా సంస్థ 2009లో ఆసుపత్రులన్నిటికీ ప్రత్యేకంగా హెచ్చరిక పంపింది.

ఇదంతా శిక్షణతో తగ్గేదే. అమెరికాలోని శాన్ డియాగోలో జరిగిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. ఆసుపత్రిలో చేరిన ప్రతి 1000 మంది మగవాళ్లలో 3.2 మందికి క్యాథెటర్ వల్ల మూత్రమార్గం గాయపడుతోందని అందులో తేలింది. నర్సులకు శిక్షణ ఇచ్చాక అది 0.7కు దిగింది. కొత్త యంత్రాలు కొనలేదు, కొత్త మందులు రాలేదు, నేర్పించారంతే. ఐర్లాండ్ పరిశోధకులు ఇంకో దారి పట్టారు. బెలూన్ నింపేటప్పుడు ఒత్తిడి హద్దు దాటితే నీళ్లు బయటికి చిమ్మేసే వాల్వ్‌ను సిరంజికి జోడించారు. చేతికి తెలియని బిగువును వాల్వ్ పట్టుకుంటుంది.

దారి తప్పిన పైపు

ప్రొస్టేట్ పెరిగినవాళ్లలో పైపు ఒకచోట తట్టుకుని ఆగుతుంది. ఇంకొంచెం బలంగా తోస్తే వెళ్లిపోతుందనిపిస్తుంది. నిజానికి వెళ్లడమూ వెళుతుంది, కాకపోతే మూత్రమార్గంలోంచి కాదు, దాని గోడలోకి. అలా ఏర్పడిన దొంగదారిలోకే తర్వాత వేసే ప్రతి పైపూ జారిపోతూ ఉంటుంది. ఒకటి రెండు ప్రయత్నాలకు మించి తొయ్యకుండా యూరాలజిస్టును పిలవాలని చెప్పేది ఇందుకే. ఇలాంటివాళ్ల కోసం కొస కాస్త పైకి వంగి ఉండే పైపులు ఉన్నాయి. వంపు పైకి ఉండేలా పంపితే ప్రొస్టేట్ మెలికను దాటుకుని వెళుతుంది. లావు పైపు కంటే సన్న పైపు సులువుగా వెళుతుందన్నది చాలామంది నమ్మకం. ప్రొస్టేట్ విషయంలో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. సన్న పైపు మడతపడిపోతుంది, కాస్త గట్టిగా ఉండే 16 లేదా 18 సైజు దారిని తెరుచుకుంటూ పోతుంది.

బైక్ యాక్సిడెంట్లలో కటి ఎముక విరిగి వచ్చినవాళ్ల విషయం వేరు. మూత్రద్వారం దగ్గర రక్తపు చుక్క కనిపిస్తే మూత్రమార్గం తెగి ఉండొచ్చని అర్థం. అలాంటప్పుడు కళ్లు మూసుకుని క్యాథెటర్ తోస్తే, సగం తెగిన గొట్టం పూర్తిగా తెగిపోయే ప్రమాదం ఉంది. ముందు మూత్రద్వారంలోంచి ఎక్స్‌రేలో కనపడే కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి దారి చూస్తారు. తెగిందని తేలితే ఎక్కువగా పొత్తికడుపు మీద చిన్న రంధ్రం చేసి నేరుగా మూత్రాశయంలోకి పైపు పెడతారు. ఆ పద్ధతికీ దాని ప్రమాదం దానికుంది. మూత్రాశయం సరిగ్గా నిండి లేకపోతే, లేదా పాత ఆపరేషన్ల వల్ల పేగులు అడ్డంగా అతుక్కుని ఉంటే, పేగుకు చిల్లు పడొచ్చు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేయడం వల్ల ఇది చాలా తగ్గుతుంది.

దారి తప్పడంలో అన్నిటికంటే వింతగా తోచేది పైపు మూత్రాశయం దాటి పైకి, కిడ్నీ నుంచి వచ్చే నాళంలోకి దూరిపోవడం. ప్రపంచ వైద్య పత్రికల్లో ఇవి ఒక్కొక్కటిగా కేసు రిపోర్టులుగా వచ్చాయి. ఎక్కువగా ఆడవాళ్లలో, నరాల జబ్బుల వల్ల మూత్రాశయం కుంచించుకుపోయినవాళ్లలో, ఏళ్ల తరబడి పైపుతోనే ఉన్నవాళ్లలో జరిగింది. మూత్రాశయం ఖాళీగా ముడుచుకుని ఉండి, కిడ్నీ నాళం నోరు వెడల్పై ఉంటే, లోపలికి ఎక్కువగా తోసిన పైపు కొస అందులోకి వెళుతుంది. అక్కడ బెలూన్ నింపితే నాళం చీలిపోవచ్చు, లేదా ఆ వైపు కిడ్నీ ఉబ్బిపోవచ్చు. కొత్త పైపు వేసిన రోజే నడుము పక్కన నొప్పి మొదలవడం, జ్వరం రావడం, సంచిలోకి మూత్రం తగ్గి పైపు పక్కలనుంచి కారడం దీని గుర్తులు. స్కాన్ చేస్తే మూత్రాశయంలో గుండ్రంగా కనిపించాల్సిన బెలూన్ అక్కడ ఉండదు. మంచం దగ్గరే ఐదు నిమిషాల్లో అయిపోయే అల్ట్రాసౌండ్‌తో ఇది తేలిపోతుంది. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు స్కాన్ అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

చిన్నపిల్లల విషయంలో దీనికి సరిపోలే ప్రమాదం ముడి పడటం. పసిపిల్లలకు సరిపడే ఫోలే దొరక్క ఒక్కోచోట సన్నటి ఫీడింగ్ ట్యూబునే మూత్రానికి వాడతారు. మెత్తటి ఆ ట్యూబును అవసరానికి మించి లోపలికి తోస్తే మూత్రాశయంలో చుట్టలు చుట్టుకుంటుంది. మూత్రం ఖాళీ అవుతున్నకొద్దీ ఆ చుట్ట బిగిసి ముడి పడుతుంది. తీయబోతే రాదు. లాగితే పసివాడి మూత్రమార్గం చిరుగుతుంది. పిల్లల్లో మూత్రం కనపడగానే ఇంకొద్దిగా మాత్రమే పంపి ఆపేయాలన్న నియమం ఇందుకే.

మూత్రాశయానికి చిల్లు

ఇది చాలా అరుదు, కానీ గుర్తించడం ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. నెలల తరబడి పైపు ఉన్నవాళ్లలో మూత్రాశయం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. బెలూన్ ముందున్న పైపు కొస పైగోడను అదేపనిగా రాసుకుంటూ ఉంటుంది. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చిన మూత్రాశయమైతే గోడ అప్పటికే పలచబడి ఉంటుంది. ఒకరోజు అక్కడ చిల్లు పడి మూత్రం కడుపులోకి పోతుంది.

సంచిలోకి మూత్రం రాకపోవడం చూసి పైపు మూసుకుపోయిందేమో అనుకుంటారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) పెరిగి ఉంటుంది కాబట్టి కిడ్నీలు దెబ్బతిన్నాయనుకుంటారు. నిజానికి కిడ్నీలు బాగానే పనిచేస్తుంటాయి. కడుపులోకి చేరిన మూత్రంలోని వ్యర్థాలు కడుపు లోపలి పొర ద్వారా మళ్లీ రక్తంలోకి పీల్చుకోవడం వల్ల క్రియాటినిన్ పెరుగుతుంది. పొట్ట ఉబ్బరం, నొప్పి, మూత్రం రాకపోవడం, క్రియాటినిన్ ఉన్నట్టుండి ఎగబాకడం ఈ నాలుగూ క్యాథెటర్ ఉన్న మనిషిలో కలిసి కనిపిస్తే డయాలిసిస్ గురించి ఆలోచించే ముందు చిల్లు గురించి ఆలోచించాలి. మూత్రాశయంలోకి కాంట్రాస్ట్ నింపి సీటీ తీస్తే బయటపడుతుంది. అదే రాపిడి ఇంకా అరుదుగా పేగుకు, మూత్రాశయానికి మధ్య దారి కూడా చేస్తుంది. అప్పుడు సంచిలో మలం రంగు, గాలి బుడగలు కనిపిస్తాయి.

రానని మొరాయించే పైపు

పైపు తీయాల్సిన రోజు వచ్చింది. సిరంజి పెట్టి లాగితే నీళ్లు రావడంలేదు. ఇంట్లో అయితే కంగారు మొదలవుతుంది, ఆసుపత్రిలో అయినా టెన్షనే. ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది గట్టిగా లాగడం మానేయడం. బలంగా లాగితే సన్నటి ఆ రెండో దారి లోపలికి అంటుకుపోయి పూర్తిగా మూసుకుపోతుంది. సిరంజిని వాల్వ్‌కు తగిలించి ఊరికే వదిలేస్తే, బెలూన్ ఒత్తిడికి నీళ్లు వాటంతటవే దిగి సిరంజిలోకి వస్తాయి. కొన్ని నిమిషాలు ఓపిక పడితే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

బెలూన్‌లో స్టెరైల్ వాటర్ బదులు సెలైన్ పోసి ఉంటే, రోజుల తరబడి నిల్వ ఉండి ఉప్పు స్ఫటికాలు గడ్డకట్టి దారిని మూసేయవచ్చు. అందుకే ఉప్పు లేని స్టెరైల్ వాటరే వాడమంటారు. గాలి నింపితే బెలూన్ మూత్రం మీద తేలుతూ పైపు సరిగ్గా కూర్చోదు.

ఎంతకీ ఖాళీ కాకపోతే ఏం చేయాలన్నది యూరాలజిస్టు పని. సన్నటి తీగను ఆ దారిలోకి పంపి అడ్డు తొలగిస్తారు. అదీ కాకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొత్తికడుపు మీదనుంచి సన్నటి సూదితో బెలూన్‌కు గుచ్చుతారు. చేయకూడనివి మాత్రం ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి. కత్తెర పుచ్చుకుని పైపును కోసేస్తే, మిగిలిన ముక్క లోపలికి జారిపోవచ్చు. దాన్ని తీయడానికి మళ్లీ ఎండోస్కోపీ కావాలి. ఇంకా ఇంకా నీళ్లు పోసి బెలూన్‌ను పేల్చేయడం కూడా తప్పే. పగిలిన రబ్బరు ముక్క లోపలే ఉండిపోతే దాని చుట్టూ రాయి పెరుగుతుంది.

పైపు రాకపోవడానికి రాళ్ల పొర ఇంకో కారణం. ప్రోటియస్ మిరాబిలిస్ అనే బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేస్తుంది. మూత్రం క్షారంగా మారి, మెగ్నీషియం, కాల్షియం లవణాలు పైపు మీద, బెలూన్ మీద గరుకుగా పేరుకుంటాయి. ఇంటి నీళ్ల పైపుల్లో ఉప్పునీటికి పట్టే గార లాంటిదే ఇది. బెలూన్ ఖాళీ అయినా ఆ గరుకు పొరతో సహా లాగితే లోపలంతా గీసుకుపోతుంది. పైపు పదేపదే మూసుకుపోతోందంటే ఈ రాతి పొర పడుతోందని అనుకోవాలి. ఎక్స్‌రే తీసి చూసుకోవడం మంచిది.

సిలికాన్ పైపులకు వేరే గుణం ఉంది. బెలూన్ గోడలోంచి నీళ్లు మెల్లగా ఆవిరవుతాయి కాబట్టి వారాలు గడిచేకొద్దీ బెలూన్ చిన్నదై పైపు జారిపోవచ్చు. ఖాళీ చేశాక బెలూన్ పూర్తిగా సాపు కాకుండా మడతలు పడి, బయటికి వచ్చేటప్పుడు మంట పెట్టవచ్చు. అయినా లేటెక్స్ (రబ్బరు) పడనివాళ్లకు సిలికానే గతి. వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లల్లో, చిన్నప్పటినుంచీ పదేపదే రబ్బరు తగలడం వల్ల, లేటెక్స్ అలర్జీ మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. పైపు వేసిన నిమిషాల్లో ఒంటిమీద దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం కనిపిస్తే అది అలర్జీ కావచ్చు. పైపు మీదే కాదు, జెల్లీ మీద కూడా అనుమానం పెట్టుకోవాలి. కొన్ని జెల్లీల్లో క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది. దానివల్ల వచ్చే తీవ్రమైన అలర్జీల గురించి బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది.

ఊదారంగు సంచి

పొద్దున్నే సంచి చూస్తే మూత్రం ఊదారంగులో ఉంటుంది. మంచం పట్టిన పెద్దావిడ, వారాలుగా పైపు, దాంతోపాటు మలబద్ధకం. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. విషమేదో ఎక్కిందనుకుంటారు, మందు వికటించిందనుకుంటారు. 1978లో ఈ పరిస్థితి తొలిసారిగా వైద్య పత్రికలో నమోదైంది. దీని వెనకున్న రసాయనం ఆసక్తికరమైనది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే పదార్థాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ఇండోల్‌గా మారుస్తుంది. మలబద్ధకం ఉంటే ఆహారం పేగుల్లో ఎక్కువసేపు నిలవ ఉంటుంది కాబట్టి ఇండోల్ ఎక్కువ తయారవుతుంది. లివర్ దాన్ని ఇంకో రూపంలోకి మార్చి మూత్రంలోకి పంపుతుంది. మూత్రంలో క్షారగుణం ఉండి, ఇన్‌ఫెక్షన్ చేసే కొన్ని బ్యాక్టీరియాలు అక్కడుంటే, అవి దాన్ని విరగ్గొట్టి రెండు రంగులు తయారుచేస్తాయి: నీలం ఇండిగో, ఎరుపు ఇండిరూబిన్. రెండూ కలిసి ప్లాస్టిక్ సంచిలో ఊదాగా తేలుతాయి. ఒకప్పుడు కడప ప్రాంతంలో విస్తారంగా పండించి ఎగుమతి చేసిన నీలిమందులోని రంగు పదార్థం కూడా ఈ ఇండిగో అణువే.

రంగు వల్ల ప్రమాదం లేదు. ఇన్‌ఫెక్షన్ ఉందన్న సూచన మాత్రం ఉంది. పైపు, సంచి మార్చి, మలబద్ధకానికి మందిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. జ్వరం, చలి, మగత లాంటివి తోడైతే డాక్టరు యాంటీబయాటిక్ ఆలోచిస్తారు. రంగును చూసి అనవసరంగా మందులు మొదలుపెట్టడం కూడా పొరపాటే.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు అత్యవసరం

ఛాతీ మధ్యభాగానికి, అంటే ఆరో వెన్నుపూసకు, పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో మూత్రాశయం నిండిపోయినా, పైపు మడతపడినా, కొత్త పైపు వేసేటప్పుడు రాపిడి తగిలినా నరాలు అదుపు తప్పి బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తలపోటు, ముఖం ఎర్రబడటం, గాయానికి పైభాగంలో చెమటలు, గుండె నెమ్మదిగా కొట్టుకోవడం కనిపిస్తాయి. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. మెదడులో రక్తస్రావం దాకా వెళ్లగలదు. చేయాల్సినవి ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉన్నాయి. పడుకున్న మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయాలి, పైపు మెలిక పడిందా, సంచి నిండిపోయిందా, మనిషి పైపు మీదే కూర్చున్నాడా అన్నది చూడాలి. మూత్రం దిగితే బీపీ తగ్గుతుంది. దిగకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటి రోగి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ విషయం తెలిసి ఉండాలి.

ఇలాగే ఇంట్లోవాళ్ల కళ్లే కనిపెట్టగల ఇంకో చిన్న సంగతి ఉంది. మగవాళ్లకు పైపు వేసేటప్పుడు ముందుతోలు వెనక్కి తోస్తారు. పని అయ్యాక దాన్ని తిరిగి ముందుకు తేవడం మరిచిపోతే, అది రింగులా బిగిసి, కొన్ని గంటల్లో కొస వాచిపోతుంది. తెల్లారేసరికి రక్తప్రసరణ ఆగే స్థితి రావొచ్చు. పైపు శుభ్రం చేసే ప్రతిసారీ ముందుతోలు ముందుకు వచ్చిందో లేదో చూసుకోవడం అర నిమిషం పని.

మూత్రం చాలా రోజులు బిగుసుకుపోయినవాళ్లకు పైపు వేయగానే లీటరు పైన దిగుతుంది. కొందరికి ఆ తర్వాత మూత్రంలో కొద్దిగా రక్తం కనిపిస్తుంది. ఒక్కసారిగా వదలకుండా మధ్యమధ్యలో క్లాంప్ పెట్టి పైపును మూయాలన్న పాత అలవాటుకు ఆధారం దొరకలేదు. అంతకంటే గమనించాల్సింది తర్వాతి గంటల్లో వచ్చే మూత్రం. గంటకు 200 మి.లీ. పైన వరసగా దిగుతూ ఉంటే ఒంట్లో నీళ్లు, సోడియం, పొటాషియం పడిపోతాయి. ఆసుపత్రిలో ఉంచి చూసుకోవాలి.

ఏళ్ల తరబడి పైపు ఉండటం వల్ల వచ్చేవి మెల్లగా వస్తాయి. సంచి బరువుకు పైపు కిందికి లాగుతూ ఉంటే మగవాళ్లలో మూత్రద్వారం కిందివైపు చీలుకుంటూ పోతుంది. ఆడవాళ్లలో దారి వెడల్పై ఎంత లావు పైపు వేసినా పక్కలనుంచి కారుతూనే ఉంటుంది. పైపును తొడకు గానీ పొత్తికడుపుకు గానీ పట్టీతో బిగించి కట్టడం, వీల్‌చెయిర్‌లోకి, ఆటోలోకి ఎక్కించేముందు సంచిని చేత్తో పట్టుకోవడం లాంటి చిన్న పనులతో ఇది చాలావరకు ఆగుతుంది. పదేళ్లు దాటి క్యాథెటర్‌తో ఉన్న వెన్నుపాము రోగుల్లో మూత్రాశయ క్యాన్సర్ మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. మూత్రంలో రక్తం వస్తే పైపు రాపిడి అని కొట్టిపారేయకుండా పరీక్ష చేయించాలి.

ఇంత చెప్పాక అసలు ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఈ పైపు ఇవాళ ఇంకా కావాలా? పక్క తడుపుతున్నారన్న కారణానికి వేసిన పైపులు, ఆపరేషన్ అయ్యాక తీయడం మరిచిన పైపులు మన వార్డుల్లో తక్కువేమీ కాదు. వేయని పైపుకు ప్రమాదాలు ఉండవు. రోజూ రౌండ్స్‌లో డాక్టరును ‘ఇంకా ఎన్నాళ్లు?’ అని అడగడం అటెండెంటుగా ఉన్నవాళ్ల హక్కు. మగవాళ్లకు బయటే తొడిగే కండోమ్ క్యాథెటర్ ఒక ప్రత్యామ్నాయం. నరాల జబ్బుల వల్ల మూత్రం పూర్తిగా పోనివాళ్లకు రోజుకు నాలుగైదు సార్లు తామే శుభ్రమైన పైపుతో ఖాళీ చేసుకోవడం నేర్పుతారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో యూరాలజిస్టు జాక్ లాపిడెస్ 1972లో ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, ఆపరేషన్ థియేటర్ స్థాయి శుభ్రత అక్కర్లేదని ఆయన చూపించిన మీదట లక్షలమంది శాశ్వత పైపు నుంచి బయటపడ్డారు.

పైపుతోనే ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో నాలుగు వివరాలు రాయించుకోవాలి: పైపు సైజు, బెలూన్‌లో ఎన్ని మి.లీ. నింపారో, ఏ తేదీన వేశారో, ఎప్పుడు మార్చాలో లేదా తీయాలో. లేటెక్స్ పైపులు సుమారు నెల, సిలికాన్‌వి మూడు నెలలు. ఇంటికొచ్చి పైపు మార్చే కాంపౌండరుకో హోమ్ నర్సుకో ఆ కాగితం చూపించాలి. బెలూన్‌లో నింపిన నీళ్లన్నీ తిరిగి వచ్చాయో లేదో ఆ అంకెతో సరిచూసుకున్నాకే పైపు కదపాలి. ప్రొస్టేట్ వల్ల వేసినదైతే తీయడానికి రెండు మూడు రోజుల ముందు టామ్సులోసిన్ లాంటి మందు మొదలుపెడతారు, దానివల్ల మళ్లీ సొంతంగా మూత్రం పోయగలిగే అవకాశం పెరుగుతుంది. తీశాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మూత్రం రాకపోతే, పొత్తికడుపు బిగిస్తే, తెల్లారేదాకా చూద్దాంలే అనుకోకుండా ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్లాలి.